కీటో మొదలుపెట్టే ముందు మీ గోలీల సంగతి అడగండి

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కింద మీ ఆదివారం అనుబంధంలో కీటో డైట్ గురించి, అంటే అన్నం, రొట్టె దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి గురించి, ఒక నిండు పేజీ వేశారు. ఏం తినాలి, ఏం తినొద్దు, నెలకు ఎన్ని కిలోలు తగ్గొచ్చు, అన్నీ రాశారు. అప్పటికే షుగర్ గోలీలు వాడుతున్నవాళ్లు ఏం చేయాలన్నది మాత్రం ఒక్క లైను కూడా లేదు. ఆ ఒక్క మాట తెలియకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని కత్తిరించాల్సి వస్తే మిగతాది ఏదైనా తీసేయండి, మందుల పేర్లున్న భాగం మాత్రం ఉంచండి.

నేను ఫార్మసిస్టును. హనుమకొండలో ఇరవై నాలుగేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. డాక్టర్‌ను కాను, ఎవరికి ఏ డైట్ మంచిదో చెప్పే చదువు నాది కాదు. కానీ ఎవరింట్లో ఏ గోలీ నడుస్తున్నదో మాకు తెలుస్తుంది. మందులు కట్టేలోపు నిలబడి మాట్లాడతారు కాబట్టి ఎవరు అన్నం మానేశారో, ఎవరు రాత్రిపూట తినడం బంద్ పెట్టారో కూడా తెలుస్తుంది. డాక్టర్ దగ్గర మూడు నిమిషాలు కూర్చున్నప్పుడు చెప్పని ముచ్చట్లు మా కౌంటరు దగ్గర చెబుతారు.

మా అన్నకు యాభై నాలుగేళ్లు. భూపాలపల్లిలో గని ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, బరువు తొంభై నాలుగు కిలోలు. వాడేవి మూడు గోలీలు: మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్. నెలనెలా నేనే కట్టి, అటు పోయేవాళ్ల చేతికిచ్చి పంపుతాను. దసరా అయిపోయిన వారానికి, వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియో చూసి, అన్నం, రొట్టె, పండ్లు, పాలు అన్నీ ఒకేరోజు బంద్ పెట్టాడు. పొద్దున వెన్నలో వేయించిన నాలుగు గుడ్లు, పగలు చికెన్, రాత్రికి పనీరో, ఆకుకూరో. ఫోన్‌లో నాకు చెప్పాడు కూడా. "మంచిదే అన్నా, బరువు తగ్గుతవ్" అన్నాను. ఆ మూడు గోలీలూ నా చేతుల మీదుగా పోతున్నాయి. అయినా ఒక్క ప్రశ్న అడగలేదు.

ఐదోరోజు డ్యూటీ నుంచి వస్తుంటే చెమటలు పట్టి చేతులు వణికాయి. చూస్తే షుగర్ 58. అది గ్లిమిపిరైడ్ పని. మనిషి అన్నం తిన్నాడా లేదా అని ఆ గోలీ చూడదు, క్లోమం నుంచి ఇన్సులిన్ తీస్తూనే ఉంటుంది. ఇంట్లో ఉన్న గ్లూకోజ్ పొడి కలుపుకొని తాగి తేరుకున్నాడు. తెల్లారి నుంచి గ్లిమిపిరైడ్ తనంతట తానే మానేశాడు. "షుగర్ దిగిపోతున్నది తమ్మీ, ఇంకొన్ని రోజులైతే గోలీలతో పని ఉండదు" అని సంతోషపడ్డాడు. డాపాగ్లిఫ్లోజిన్ మాత్రం మానలేదు. దానితో బరువు కూడా తగ్గుతుందని ఎవరో చెప్పారట, అందుకని ఉంచుకున్నాడు.

కొవ్వు కరిగినప్పుడు ఒంట్లో తయారయ్యే కీటోన్లు మూత్రంలో ఎంతున్నాయో చూసుకునే పట్టీల డబ్బా కూడా మా దుకాణం నుంచే తెప్పించుకున్నాడు. ఆ పట్టీని మూత్రంలో ముంచితే కీటోన్లు లేనప్పుడు రంగు మారదు, కొద్దిగా ఉంటే గులాబీ రంగుకు వస్తుంది, ఎక్కువైతే వంకాయ రంగుకు తిరుగుతుంది. రోజూ పొద్దున ఫోటో పెట్టేవాడు. "చూడు, కొవ్వు కరుగుతున్నది." పదకొండోరోజు వచ్చిన ఫోటోలో పట్టీ నిగనిగలాడే వంకాయలా ఉంది. నేను దానికి బొటనవేలు గుర్తు పెట్టాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, తీసేయలేదు.

మర్నాడు వాంతులు మొదలయ్యాయి. కడుపునొప్పి, లేచి నిలబడలేనంత నీరసం. మీటర్‌లో షుగర్ 172. తొమ్మిదేళ్ల షుగర్ మనిషికి 172 అంటే ఎవరూ భయపడరు. వదిన ఫోన్ చేస్తే, "షుగర్ మంచిగనే ఉంది కదా వదినా, ఇన్ని రోజులు నూనె, వెన్న తిన్నడు, గ్యాస్ అయ్యుంటది" అని నేనే చెప్పాను. గ్యాస్ గోలీ పాంటోప్రజోల్ వేయమన్నాను. రాత్రి ఒంటిగంటకు మళ్లీ ఫోన్. "తమ్మీ, మీ అన్న ఉరికొచ్చినట్టు దమ్ము తీస్తున్నడు. నోట్లకెళ్లి గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తున్నది." ఆ వాసన మాట విన్నాక నాకు కాళ్లు చల్లబడ్డాయి. చదువుకునే రోజుల్లో పుస్తకంలో చదివిన వాసన అది. అసిటోన్, రక్తంలో కీటోన్లు మితిమీరితే వచ్చే వాసన.

కారు మాట్లాడుకొని తెల్లవారుజామున హనుమకొండకు తెచ్చారు. అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ అడిగినవి రెండే ప్రశ్నలు: ఏం గోలీలు వాడుతున్నారు, ఈ పదిరోజులు ఏం తిన్నారు. ఆ రెండింటితోనే ఆమెకు సగం అర్థమైంది. రక్తం పరీక్ష చేస్తే యాసిడ్ విపరీతంగా పెరిగి ఉంది. షుగర్ మాత్రం రెండు వందలు దాటలేదు. నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఒక చేతికి ఇన్సులిన్, ఇంకో చేతికి గ్లూకోజ్ ఎక్కుతుంటే వదిన నన్ను పక్కకు పిలిచి, "షుగర్ మనిషికి గ్లూకోజ్ సీసా పెట్టిన్రేంది తమ్మీ, ఒకసారి అడుగు" అని ఏడ్చింది. నేనూ అప్పటిదాకా అలా చూడలేదు. అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. యాసిడ్ తగ్గాలంటే ఇన్సులిన్ ఎక్కించక తప్పదు. ఈయన షుగర్ ముందే తక్కువగా ఉంది కాబట్టి, ఇన్సులిన్ ఇచ్చినంతసేపూ షుగర్ పడిపోకుండా గ్లూకోజ్ కూడా పోయాలి.

ఇది ఎందుకు జరిగిందో ఆ తర్వాత కూర్చొని చదివాను. మీ పాఠకులకు అర్థమయ్యేట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మనం తిన్న అన్నం, రొట్టె గ్లూకోజ్‌గా మారి ఒంటికి బలమిస్తాయి. మిగిలింది కాలేయంలో సుమారు వంద గ్రాములు, కండరాల్లో నాలుగు వందల గ్రాముల వరకు నిల్వ ఉంటుంది. ఆ నిల్వ ఒక్కో గ్రాము తనతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేయగానే మొదట ఖర్చయ్యేది ఆ నిల్వే, దాంతో నీళ్లు కూడా బయటికి పోతాయి. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గామని మా దుకాణంలో సంబరంగా చెప్పేవాళ్లు తగ్గింది చాలావరకు ఆ నీళ్లే. నిల్వ అయిపోయాక కాలేయం కొవ్వును విరిచి కీటోన్లు తయారుచేస్తుంది. మెదడు కూడా గ్లూకోజ్ బదులు చాలావరకు వాటితో నడుస్తుంది. కరువు రోజుల్లో మనిషి బతకడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటు ఇది, ఇందులో తప్పేమీ లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కీటోన్లు ఒక హద్దు దాటవు, ఎందుకంటే ఒంట్లో ఉన్న కొద్దిపాటి ఇన్సులినే వాటికి కళ్లెం వేస్తుంది. కీటోన్లు యాసిడ్ జాతివి. కళ్లెం తెగితే రక్తమంతా యాసిడ్ అవుతుంది.

డాపాగ్లిఫ్లోజిన్ చేసే పని, రక్తంలో ఉన్న షుగర్‌ను కిడ్నీల ద్వారా మూత్రంలోకి తోసేయడం. అన్నం తినడం లేదు, ఉన్న కాస్త షుగరూ మూత్రంలో పోతున్నది. షుగర్ తగ్గితే ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే కీటోన్లకు కళ్లెం పోతుంది. మామూలుగా ఇలాంటి స్థితి వచ్చినప్పుడు మీటర్‌లో షుగర్ నాలుగు వందలో, ఐదు వందలో చూపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు భయపడి పరుగెత్తుతారు. ఇక్కడ మీటర్ 172 చూపిస్తుంది. ఎవరూ కదలరు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ ప్రమాదం గురించి 2015 మేలోనే హెచ్చరిక ఇచ్చింది. కంపెనీలు డబ్బాలో పెట్టే కాగితంలో కూడా ఉంటుంది. బియ్యపు గింజ కన్నా చిన్న అక్షరాల్లో ఉండే ఆ కాగితాన్ని విప్పి చదివేవాళ్లు ఎంతమంది? నేను కూడా చదవలేదు.

ఈ మందు చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ ఉత్తరం చదివి ఎవరూ తమంతట తాము మానేయొద్దు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ దెబ్బతింటున్నవాళ్లకు దీనితో మేలు జరుగుతుందని రుజువైంది, షుగర్ లేకున్నా గుండె కోసం డాక్టర్లు రాస్తున్నారు. 2020లో పేటెంటు గడువు తీరాక ఎన్నో కంపెనీలు తయారుచేయడం మొదలుపెట్టాయి, ధర బాగా పడిపోయింది. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్‌కు కూడా అదే జరిగింది. ఒకప్పుడు మా దుకాణంలో నెలకు పది స్ట్రిప్పులు పోయే మందు ఇప్పుడు పరకాల, నర్సంపేట నుంచి వచ్చే రైతుల చీటీల్లో కూడా ఉంటున్నది. మంచి మందు పేదవాడికి అందింది, సంతోషమే. అందుకే దాని జాగ్రత్త కూడా అంతే దూరం చేరాలి అంటున్నాను.

ఇంకో చిక్కు. చాలామందికి తాము ఈ మందు వాడుతున్నట్టే తెలియదు. మెట్‌ఫార్మిన్‌తో కలిపి, ఇంకో షుగర్ మందుతో కలిపి ఒకే గోలీగా వస్తున్నది. స్ట్రిప్పు మీద పెద్దగా ఉండేది కంపెనీ పెట్టిన పేరు. అసలు మందు పేరు దాని కింద చిన్నగా ఉంటుంది. అది చదవాలి. ఆ పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటే ఈ జాతి మందే: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్. కళ్లు కనపడకపోతే ఏ మందుల దుకాణంలో అడిగినా చదివి చెబుతారు.

ఇప్పుడు ఇంకో ఇంటి సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే కీటో అంటేనే విషం అని రాసినట్టవుతుంది, అది అన్యాయం.

మా వీధి చివర ఒక పాప ఉంది, ఆరేళ్లు. రెండేళ్ల వయసు నుంచి ఫిట్స్. మూడు రకాల మందులు వాడినా రోజుకు ఇరవై సార్లు తల వాలిపోయేది. ఆడుకుంటూ ఆడుకుంటూ ముందుకు పడి నుదురు పగిలేది. పోయిన ఏడాది హైదరాబాద్‌లో పిల్లల నరాల డాక్టర్ ఆ పాపకు కీటో డైట్ మొదలుపెట్టించారు. మొదటి రోజులు ఆస్పత్రిలో ఉంచి, రక్త పరీక్షలు చేసి, డైటీషియన్ తల్లికి వంట నేర్పించి పంపారు. ఆ తల్లి మిషన్ కుడుతుంది. ఇంట్లో ఎలక్ట్రానిక్ కాంటా పెట్టుకొని బిడ్డ తినే ప్రతిదీ గ్రాముల్లో తూస్తుంది. మీగడ ఇన్ని గ్రాములు, కొబ్బరినూనె ఇన్ని గ్రాములు, గుడ్డు ఇన్ని గ్రాములు, దోసకాయ ఇన్ని గ్రాములు. నోటుబుక్కులో రాస్తుంది.

ఒకరోజు పాపకు జ్వరం వస్తే సిరప్ కోసం వచ్చింది. సీసా చేతికిస్తే తీసుకోలేదు. "అన్నా, ఇందులో చక్కెర ఎంతున్నదో చెప్పు" అంది. ఇరవై నాలుగేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. లేబుల్ చూస్తే తీపి పాకంలోనే మందు కలిపి ఉంది. షుగర్ లేదని రాసి ఉన్న ఇంకో సిరప్ ఇచ్చాను. అందులో సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉందని, అది కూడా లెక్కలోకి వస్తుందని డైటీషియన్ చెప్పారట, అదీ వద్దంది. చివరికి డాక్టర్‌కు ఫోన్ చేసి, పాప బరువుకు ఎంత డోసో కనుక్కొని, గోలీని పొడిచేసి ఇచ్చాం. ఒక చెంచా సిరప్‌లో ఉన్న చక్కెరతో కూడా ఆ డైట్ చెడిపోవచ్చునని, మళ్లీ ఫిట్స్ రావచ్చునని ఆమెకు తెలుసు. ఆ పిల్లకు ఇప్పుడు చాలా రోజులు ఫిట్స్ లేకుండానే గడుస్తున్నాయి. పూర్తిగా పోలేదు. బడికి మాత్రం పోతున్నది. సద్దుల బతుకమ్మ రోజు అందరి పిల్లలూ సత్తుపిండి ముద్దలు తింటుంటే, తల్లి నువ్వులు, కొబ్బరి దంచి, బెల్లం లేకుండా, తూచి చేసిన చిన్న ముద్ద పెట్టింది. పాప అదే పట్టుకొని మిగతా పిల్లల మధ్యలో కూర్చుంది.

కీటో పుట్టింది ఇలాంటి పిల్లల కోసమే. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని ఎప్పటి నుంచో జనానికి తెలుసు. 1911లో ఫ్రాన్సు డాక్టర్లు ఇద్దరు దాని గురించి రాశారు. పిల్లల్ని ఎంతకాలమని పస్తుంచగలరు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ అనే డాక్టర్, ఉపవాసంలో ఒంట్లో ఏం జరుగుతుందో తిండి పెడుతూనే అది జరిగేట్టు చూద్దామని ఈ డైట్ ప్రతిపాదించి "కీటోజెనిక్" అని పేరు పెట్టాడు. పాత పద్ధతిలో నాలుగు గ్రాముల కొవ్వుకు ఒక్క గ్రాము మాత్రమే మిగతావన్నీ కలిపి, అంటే మాంసకృత్తులు, పిండిపదార్థం రెండూ కలిసి. నూటికి తొంభై వంతుల శక్తి కొవ్వు నుంచే. 1938లో ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు వచ్చింది. రోజూ మా షెల్ఫులో నుంచి తీసి ఇచ్చే గోలీయే. గోలీ వేస్తే సరిపోయేదానికి ఇంత తూచి వండేదెవరు అని డైట్ మూలకు పోయింది. 1994లో జిమ్ అబ్రహామ్స్ అనే హాలీవుడ్ దర్శకుడు, తన కొడుక్కి ఏ మందుకూ లొంగని ఫిట్స్ ఈ డైట్‌తో ఆగిపోయాక, దాని కోసం ఒక సంస్థ పెట్టాడు. అప్పుడు మళ్లీ ఆస్పత్రుల్లో లేచింది. 2008లో లండన్ డాక్టర్లు మందులకు లొంగని ఫిట్స్ ఉన్న 145 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ప్రచురించారు. మూడు నెలల్లో ఫిట్స్ సగానికి పైగా తగ్గినవాళ్లు డైట్ తిన్న పిల్లల్లో నూటికి 38 మంది, తినని పిల్లల్లో 6 మంది.

ఇంత మేలు చేసే డైట్‌కు కూడా ఆ పాప విషయంలో ముందు పరీక్షలు చేశారు. కొందరు పిల్లల ఒంట్లో పుట్టుకతోనే కొవ్వును వాడుకునే శక్తి ఉండదు, వాళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అది లేదని చూసుకున్నాకే మొదలుపెట్టారు. కిడ్నీలో రాళ్లు వస్తాయేమోనని, ఎముకలు గట్టిగా ఉన్నాయా అని, కొలెస్ట్రాల్ ఎంతుందని నెలల లెక్కన చూస్తూనే ఉన్నారు. విటమిన్లు, కాల్షియం విడిగా ఇస్తున్నారు. మా అన్న ఒక వీడియో చూసి మొదలుపెట్టింది ఈ డైట్‌కు తమ్ముడి వరస తిండినే.

ఇక మన తిండితో దీనికి ఎంత దూరమో ఒక లెక్క చెబుతాను. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. రోజుకు రెండు వందల గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థమే, అంటే రేషన్ బియ్యంతోనే రోజుకు 156 గ్రాములు. కీటోలో రోజు మొత్తానికి ఉండాల్సింది 20 నుంచి 50 గ్రాములు. అరవై ఐదు గ్రాముల బియ్యం, ఒక పిడికెడు, వండుకుంటే ఆ రోజుకు కోటా అయిపోతుంది. ఆ తర్వాత పాలు లేవు, పప్పు లేదు, ఉల్లిగడ్డ కూడా చూసి వేసుకోవాలి. జొన్నరొట్టె తింటూ కీటో చేస్తున్నామని చెప్పేవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు. ఒక మామూలు రొట్టెకు అరవై గ్రాముల పిండి పడుతుంది, అందులో నలభై గ్రాములు పిండిపదార్థం. జొన్నరొట్టె మంచి తిండే, పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది. కీటో మాత్రం కాదు. సర్వపిండి, సకినాలు, మక్క గుడాలు, బగారా అన్నం, ఏదీ ఆ లెక్కలో ఇమడదు. ఇంట్లో అందరికీ ఒక కుండ, ఆయనకు ఒక్కడికి ఇంకో కుండ పెట్టాల్సిందే. ఆ వంట భారం ఆడవాళ్ల మీద పడుతుంది. ఆ రెండు వారాలు మా వదిన రెండు పొయ్యిల మీద వండింది.

మనం అన్నం ఎక్కువ తింటున్నామన్నది నిజం, దాన్ని నేను కాదనను. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే తేల్చింది. మనవాళ్లు తినే శక్తిలో నూటికి 62 వంతులు పిండిపదార్థాల నుంచే వస్తున్నదని 2025లో అదే సర్వే లెక్క చెప్పింది. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన సూచనల్లో ధాన్యాల వాటా 45 వంతులు దాటొద్దని ఉంది. అంటే అన్నం తగ్గించుకోవడానికి ఎంతో చోటుంది. మూడుసార్లు వడ్డించుకునే అన్నం ఒకసారికి తెచ్చి, ఆ జాగాలో పప్పు, గుడ్డు, చెరువు చేప, కూర పెట్టుకుంటే ఎవరికీ ఐసీయూ అవసరం పడదు. దానికి వీడియోలు రావు, ఎందుకంటే నెలకు పది కిలోలు తగ్గరు.

కీటోతో నిజంగా తగ్గినవాళ్లను కూడా నేను చూశాను. మా దగ్గర మందులు కొనే ఒక బ్యాంకు ఉద్యోగి డాక్టర్‌కు చెప్పి మొదలుపెట్టాడు. డాక్టర్ మొదటిరోజే గ్లిమిపిరైడ్ ఆపేసి, బీపీ గోలీ సగం చేశారు. ఈ డైట్ మొదట్లో ఒంట్లోని ఉప్పు, నీళ్లు ఎక్కువగా బయటికి పోతాయి, పాత డోసే వేసుకుంటే లేవగానే కళ్లు తిరిగి పడతారు. ఆయనకు ఆరు నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది. మొదటి ఆరు నెలల్లో బరువు, షుగర్, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు తగ్గుతాయని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ఏడాది తిరిగేసరికి మిగతా డైట్లకూ దీనికీ తేడా సన్నబడుతుంది. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 609 మందిని ఏడాది చూశారు. కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు తగ్గారు, పిండిపదార్థం తగ్గించి తిన్నవాళ్లు 6 కిలోలు. అది కీటో అంత గట్టి డైట్ కాదు గానీ, ఏడాదిపాటు మనిషి దేన్ని పట్టుకొని ఉండగలడో దాంతోనే తగ్గుతాడని నాకు దాంట్లో అర్థమైంది. మా బ్యాంకు ఉద్యోగి కూడా కూతురి పెళ్లితో డైట్ ఆపాడు, ఆరు కిలోలు తిరిగొచ్చాయి.

కీటో చేసే మిగతావాళ్లకు నేను అమ్ముతున్నది మలబద్ధకానికి ఇసబ్‌గోల్, పిక్కలు పట్టేస్తే రాసుకునే మందు, తలనొప్పి గోలీలు. కొందరిలో చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. కొబ్బరినూనె, వెన్న మీదే నడిపేవాళ్లు మూడు నెలలకోసారి ఆ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, క్లోమం వాపు వచ్చి తగ్గినవాళ్లు, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు సొంతంగా దీని జోలికి పోవద్దు. గ్లిఫ్లోజిన్ జాతి గోలీలు వాడేవాళ్లు శివరాత్రి ఉపవాసానికీ, రంజాన్ రోజాకూ ముందు కూడా డాక్టర్‌ను అడగాలి. ఆపరేషన్ ఉంటే కొన్ని రోజుల ముందే ఆ గోలీ ఆపిస్తారు, కారణం ఇదే.

అన్న కోలుకున్నాడు. ఇప్పుడు ఆ గోలీ లేదు, డాక్టర్ వేరే మందు రాశారు. పగటిపూట కొలిచిన అన్నం, రాత్రికి ఒక రొట్టె, రెండు గుడ్లు, గంట నడక. నాలుగు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. డిశ్చార్జి రోజు బిల్లు దగ్గర నిలబడితే, "నువ్వేం జేస్తవ్ తమ్మీ, నేను అడగలేదు గదా" అన్నాడు. అడగాల్సింది నేను. మందు ఇచ్చే చేయి నాది.

అప్పటి నుంచి షుగర్ చీటీ తెచ్చిన ప్రతివాళ్లనూ అన్నం ఏమైనా తగ్గించారా, మానేశారా అని అడుగుతున్నాను. కీటోన్ పట్టీలు అడిగితే ఏ గోలీలు వాడుతున్నారో చెప్పందే డబ్బా ఇవ్వడం లేదు. ఇద్దరు కోపగించుకొని వేరే దుకాణానికి పోయారు, పోనీ. గ్లిఫ్లోజిన్ ఉన్న స్ట్రిప్పులు కట్టేటప్పుడు ఒక చిన్న కాగితం రాసి లోపల పెడుతున్నాను: "తిండి బాగా తగ్గినా, వాంతులైనా, దమ్ము ఎక్కువైనా ఈ గోలీ వేసుకునే ముందే డాక్టర్‌కు ఫోన్ చేయండి. మీటర్‌లో షుగర్ మామూలుగా ఉన్నా సరే." ఊళ్లలో ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూసే ఆశా కార్యకర్తలకు కూడా ఈ మాట చెప్పిస్తే చాలా ఇళ్లకు చేరుతుంది. మా సాటి దుకాణదారులను నేను అడుగుతున్నాను, మీరు కూడా రాయండి.

మీతో నా మనవి ఒక్కటే. వచ్చే ఆదివారం అనుబంధంలో, పోయినసారి డైట్ వ్యాసం వేసిన పేజీలోనే, ఆ నాలుగు మందుల పేర్లు పెద్ద అక్షరాల్లో, గ్లిమిపిరైడ్‌తో కలిపి ఐదు, ఒక బాక్సు కట్టి వేయండి. పైన నేను కాగితం మీద రాసి పెడుతున్న ఆ రెండు మాటలు కింద వేస్తే చాలు. ఆ పేజీ కత్తిరించి మా కౌంటరు అద్దానికి అతికిస్తాను. ఒక కాపీ భూపాలపల్లికి పంపమని అన్న ఇప్పుడే చెప్పి పెట్టాడు. వీడియో పంపిన దోస్తుకు తానే తీసుకుపోయి ఇస్తాడట. ఆయనా అదే గోలీ వాడుతున్నాడు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
హనుమకొండ.

(ఇందులో మా ఇంటి విషయాలు, ఆ పాప విషయాలు ఉన్నాయి కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి. ఆ తల్లిని అడిగి, ఆమె సరేనన్నాకే రాశాను.)